సెంటు ఒంటికి పడటం: ఆధారం ఎంత, నమ్మకం ఎంత

చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో అత్తరు కొట్టు ముందు ఆగితే, అమ్మే మనిషి గాజు పుల్లను సీసాలో ముంచి మన చేతి మీద సన్నగా ఒక గీత గీస్తాడు. మంచి వ్యాపారి అయితే అప్పుడే కొనమని తొందరపెట్టడు. బజారంతా ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ వాసన చూడమంటాడు. షాపింగ్ మాల్‌లో అయితే కాగితం పట్టీ మీద సెంటు కొట్టి చేతిలో పెడతారు. ఇద్దరూ అమ్మేది వాసనే. ఒకరు ఒంటిని నమ్ముకున్నారు, ఒకరు కాగితాన్ని. కాగితం మీద ముక్కుకి నచ్చినది ఇంటికొచ్చాక ఒంటి మీద అలాగే ఉంటుందా, ఉండకపోతే ఆ తేడా ఎక్కడినుంచి వస్తోంది అన్నదే ఇక్కడ చర్చ.

అక్క రాసుకుంటే గుబాళించిన సెంటే చెల్లెలు రాసుకుంటే పులిసిపోయినట్టుందంటారు. చీర రంగు గురించి ఎంత మామూలుగా అంటారో సెంటు గురించీ అంతే మామూలుగా ‘అది నీకు పడింది, నాకు పడలేదు’ అంటారు. పత్రికల్లో వచ్చే సౌందర్య శీర్షికలు దీనికి శాస్త్రం పూత పూస్తాయి: జిడ్డు చర్మమైతే తేలికపాటి పూల వాసనలు, పొడి చర్మమైతే చిక్కటి కస్తూరి, చందనం, చర్మం పీహెచ్ మారితే సెంటు వాసనే మారిపోతుంది. అందుబాటులో ఉన్న పరిశోధనలను దగ్గరపెట్టుకుని చూస్తే, మనిషికీ మనిషికీ తేడా ఉందన్నది నిజమేనని తేలుతుంది. అయితే ఆ తేడాకు మామూలుగా చెప్పే కారణాలే అన్నిటికన్నా బలహీనంగా ఉన్నాయి. ముఖం చూసి చెప్పే చర్మం రకం కంటే, పీహెచ్ అంకె కంటే, ఒంటి వేడి, రాసుకున్న చోటు, మనిషికి సొంతమైన చెమట వాసన, చివరికి వాసన చూస్తున్న ముక్కు ఎక్కువ పని చేస్తున్నాయి.

వేడి లెక్క

సెంటు సీసాలో ఉండేది పదులకొద్దీ, ఒక్కోసారి వందలకొద్దీ రకాల అణువుల మిశ్రమం. ఒక్కో రకం ఒక్కో వేగంతో ఆవిరవుతుంది. బ్రిటిష్ పరిమళ నిపుణుడు విలియం పౌచర్ 1950లలో ఈ వేగాలను వరసలో పెట్టాడు. ఇట్టే ఎగిరిపోయేవాటికి 1, చివరిదాకా అంటిపెట్టుకుని ఉండేవాటికి 100. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు మొదట్లోనే వెళ్లిపోతాయి. పూల వాసనల్లో ఎక్కువ భాగం నడుమ ఉంటాయి. పచౌలీ, ఓక్‌మాస్ లాంటివి 100 దగ్గర కూర్చుంటాయి. కొట్టిన పది నిమిషాలకు ముక్కుకి తగిలిన సెంటూ సాయంత్రం దాకా మిగిలిన సెంటూ వేరువేరుగా ఉండటానికి మొదటి కారణం ఇదే. ఇందులో మన ఒంటి ప్రమేయం ఇంకా మొదలు కాలేదు.

ఒంటి మీద పడ్డ అణువుకు ముఖ్యంగా రెండు దారులు. గాలిలోకి పోవాలి, లేదా చర్మంలోకి ఇంకాలి. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ కాస్టింగ్ బృందం 2000ల మొదట్లో ఈ పోటీని సమీకరణాల్లోకి తెచ్చింది. అణువు ఆవిరి పీడనం ఎంత, కొవ్వులో ఎంత కరుగుతుంది వంటి గుణాలు తెలిస్తే, ఎంత పాలు గాలికి, ఎంత పాలు చర్మానికి అన్నది అంచనా కట్టవచ్చని చూపింది. ముక్కుకి అందేది మొదటి వాటా మాత్రమే.

ఇక్కడ వేడి వస్తుంది. మామూలుగా మన చర్మం పైపొర 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఏసీ వేసిన మాల్‌లో కాగితం పట్టీ 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెంటులో వాడే మధ్యస్థపు అణువులకు 10 డిగ్రీల వేడి పెరిగితే ఆవిరి పీడనం ఇంచుమించు రెండింతలవుతుంది. అంటే కాగితం మీద అరగంట నడిచే కథ ఒంటి మీద పావుగంటలో అయిపోవచ్చు. కౌంటర్ దగ్గర మనం మెచ్చుకున్న నారింజ ఘుమఘుమ ఒంటి మీద ఆటో ఎక్కేలోపే పోతే, అది చర్మం తత్వం అనుకోనక్కర్లేదు. ముందు వేడినే అనుమానించాలి. ఒకరి చేయి చల్లగా, ఇంకొకరిది వెచ్చగా ఉండటమూ ఈ లెక్కలోకే వస్తుంది. అరచేతుల కంటే మెడ, ఛాతీ సాధారణంగా వెచ్చన. ‘నాడి కొట్టుకునే చోట రాసుకోండి’ అన్న సలహాలో పనికొచ్చేది ఏదైనా ఉంటే అది వేడే కానీ నాడి కాదు.

మే నెలలో రామగుండం ఎండలో ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది. గాలి 44 డిగ్రీలుంటే కాగితమే ఒంటికన్నా వేడెక్కుతుంది. చర్మం చెమట పట్టి చల్లబడే ప్రయత్నంలో ఉంటుంది. జనవరిలో అరకులో రాసుకున్న సెంటునూ దీన్నీ పోల్చి ‘ఈ సీసా నకిలీ’ అనేవాళ్లుంటారు. వాగ్భటుడి అష్టాంగహృదయంలో ఋతుచర్య చెప్పేచోట చలికాలానికి కుంకుమపువ్వు, కస్తూరి, అగరు పొగ, వేసవికి చందనం అని ఉంది. దీన్ని చూసి మనవాళ్లు ఆవిరి లెక్క ముందే కట్టేశారని సంబరపడటం తొందరపాటు. చందనంలోని శాంటలాల్ నెమ్మదిగా ఆవిరయ్యే పదార్థం. వేసవికి దాన్ని చెప్పింది చలవ చేస్తుందన్న వైద్య దృష్టితో. ఋతువును బట్టి వాసన మార్చాలన్న గమనిక మాత్రం ఎప్పటిదో.

మణికట్లు రెండూ కలిపి రుద్దితే ‘అణువులు విరిగిపోతాయి’ అని ఒక మాట ప్రచారంలో ఉంది. చేతుల రాపిడికి రసాయన బంధాలు తెగవు. రుద్దితే కాస్త వేడి పుడుతుంది, సెంటు పలచగా పరుచుకుంటుంది, మొదటి వాసన తొందరగా ఎగిరిపోతుంది. అంతే.

జిడ్డు ఎక్కడిది?

చర్మం మీది నూనెను సెబం అంటారు. అందులో సగానికి పైగా ట్రైగ్లిజరైడ్లు, వాటినుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు. పావు వంతు దాకా మైనపు ఎస్టర్లు. పదో వంతుకు కాస్త పైన స్క్వాలీన్. సెంటులోని అణువుల్లో చాలావరకు నీళ్లకన్నా కొవ్వును ఇష్టపడతాయి. నూనె పొరలో కరిగిన అణువు గాలిలోకి ఆలస్యంగా వదులుతుంది. కాబట్టి నూనె ఉన్నచోట వాసన ఎక్కువసేపు నిలవడం భౌతికశాస్త్రానికి సరిపోయే మాటే. కన్నౌజ్ అత్తరులో పూల ఆవిరిని చందన తైలంలోకి పట్టడం వెనక ఉన్నదీ ఇదే గుణం. చందన తైలం తన వాసన తాను ఇస్తూనే, తేలికైన పూల అణువులను పట్టి ఉంచుతుంది.

అయితే ‘మీది జిడ్డు చర్మమా, పొడి చర్మమా’ అని అడిగే ప్రశ్నావళి చూసేది ముఖాన్ని. నూనె గ్రంథులు దట్టంగా ఉండేది నుదురు, ముక్కు, తల, ఛాతీ పైభాగం, వీపు పైభాగంలో. ముంజేతి మీద అవి చాలా తక్కువ. అరచేతిలో, అరికాలిలో అసలే ఉండవు. మనం సెంటు కొట్టుకునేది మణికట్టు మీద. మధ్యాహ్నానికల్లా ముఖం మెరిసిపోయే మనిషికైనా మణికట్టు లోపలివైపు పొడిగానే ఉంటుంది. ముఖం రకాన్ని బట్టి మణికట్టు సెంటు ఎంచుకోమనడం, వంటింట్లో తేమ చూసి డాబా మీద వడియాలు పెట్టడం లాంటిది. మెడ వెనక, ఛాతీ మీద రాసుకునేవాళ్లకు జిడ్డు ప్రశ్న కొంత వర్తించవచ్చు.

దీని నుంచి తేలే సలహా చిన్నది, చవకైనది. సెంటు త్వరగా పోతోందనుకునేవాళ్లు ఆ చోట ముందుగా వాసన లేని క్రీము పలచగా రాసి చూడవచ్చు. కొబ్బరినూనె కూడా పట్టి ఉంచుతుంది కానీ దాని వాసన దానికుంది. పండగనాడు నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, శీకాయతో తలంటి పోసుకున్న ఒంటి మీద అదే అత్తరు రోజుకన్నా వేరేగా తోస్తే ఆశ్చర్యం లేదు. ఆ రోజు చర్మం రకం మారలేదు, పైన ఉన్న పొర మారింది.

పీహెచ్ మీద మోపిన భారం

చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుందనీ అదొక రక్షణ కవచమనీ జర్మనీలో హైన్‌రిష్ షాడె, ఆల్ఫ్రెడ్ మార్కియోనీని 1928లో చెప్పారు. ‘ఆమ్ల కవచం’ అన్న పేరు అప్పటిదే. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ సాధారణంగా 4.5కూ 6కూ నడుమ ఉంటుంది. సబ్బూ క్రీమూ తగలకుండా ఉంచి కొలిస్తే సగటు 5 లోపే ఉంటుందని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. క్షారగుణం ఉన్న మామూలు సబ్బు రుద్దితే అది కొన్ని గంటలపాటు పెరిగి మళ్లీ దిగుతుంది.

ఇంతవరకు గట్టి నేలే. దీని మీద కట్టిన మేడ గట్టిది కాదు. సెంటులో ఉండేవి ఎక్కువగా ఎస్టర్లు, ఆల్కహాళ్లు, కీటోన్లు, టెర్పీన్లు. 4.5కూ 6కూ నడుమ పీహెచ్ మారినంత మాత్రాన వీటిలో చాలావాటికి విద్యుదావేశం మారదు, రూపం మారదు. ఎస్టర్లు క్షారంలో విరుగుతాయన్నది నిజం. అందుకే పీహెచ్ 9, 10 ఉండే సబ్బులో నెలల తరబడి నిలవాల్సిన పరిమళానికి తయారీదారులు ముడిసరుకు జాగ్రత్తగా ఏరుకుంటారు. మణికట్టు మీద నాలుగైదు గంటల కోసం, తేలికపాటి ఆమ్లంలో, ఆ స్థాయి విరుగుడు జరుగుతుందని ఆశించడానికి కారణం కనిపించదు. చర్మంలో ఎస్టర్లను కోసే ఎంజైములు ఉన్నాయి, పైన కాపురముండే సూక్ష్మజీవులు ఉన్నాయి, వాటి పని మీద పీహెచ్ ప్రభావం ఉంటుంది. కాబట్టి పరోక్షంగా ఏదో కొంత పాత్ర ఉండవచ్చు. ‘మీ పీహెచ్‌కు తగిన సెంటు’ అని అమ్మడానికి ఆ ‘కొంత’ చాలదు.

చెమట చెప్పేది

మనిషికీ మనిషికీ తేడా విషయంలో అన్నిటికన్నా నేరుగా ఉన్న సాక్ష్యం ఒంటి వాసన నుంచి వస్తుంది. చంకలోని గ్రంథుల నుంచి అప్పుడే వచ్చిన స్రావానికి వాసన ఉండదనీ, బ్యాక్టీరియా తగిలాకే కంపు పుడుతుందనీ వాల్టర్ షెల్లీ, అతని సహచరులు 1953లోనే ప్రయోగంతో చూపారు. ఆ స్రావంలోని ముడిసరుకు ఎంత అన్నది కొంతవరకు జన్యువుల చేతిలో ఉంది. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడాతో చెవిలో గులిమి తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా అన్నది నిర్ణయమవుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో కనుగొన్నారు. పొడి గులిమి రకం వాళ్లకు చంక వాసన చాలా తక్కువ. చైనా, కొరియా ప్రజల్లో ఈ రకమే అధికం. ఐరోపా, ఆఫ్రికా ప్రజల్లో తడి రకం. దక్షిణాసియా ఈ రెంటికీ నడుమ. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు తల్లుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో వాసన రాని జన్యురూపం ఉన్నవాళ్లు 2 శాతం. వాళ్లలో కూడా చాలామంది అవసరం లేకపోయినా డియోడరెంట్ వాడుతూనే ఉన్నారు.

ఇలాంటి ఒంటి వాసన మీద సెంటు పడితే ఏమవుతుంది? ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో యాన్ హావ్లీచెక్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగాలు ఈ అంశంలో తప్పక చదవాల్సినవి. కొందరు తమకు ఇష్టమైన సెంటును ఒక చంకలో, పరిశోధకులు ఇచ్చిన సెంటును రెండో చంకలో రాసుకున్నారు. దూది పట్టీల మీద పట్టిన ఆ వాసనలను, ఎవరివో తెలియని వేరే మనుషులు చూసి మార్కులు వేశారు. సీసాలో విడిగా వాసన చూసినప్పుడు రెండు రకాల సెంట్ల మధ్య ఇంపులో తేడా లేదు. ఒంటి వాసనతో కలిశాక మాత్రం సొంతంగా ఎంచుకున్న సెంటుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. అంటే సెంటు ఒంటి వాసనను ఊరికే కప్పేయడం లేదు, దానితో కలిసి మూడో వాసన ఒకటి పుడుతోంది. ఎవరికి ఏది కలుస్తుందో వాళ్ల ముక్కుకే ఎంతో కొంత తెలుస్తోంది.

దీనికి ముందే, 2001లో, మన్‌ఫ్రెడ్ మిలిన్‌స్కీ, క్లౌస్ వెడెకిండ్ 137 మంది విద్యార్థుల రోగనిరోధక జన్యువుల రకాలు తీసి, వాళ్లకు 36 వాసనలు చూపించారు. ‘ఇది నీ ఒంటి మీద ఉంటే ఇష్టమా’ అని అడిగినప్పుడు జవాబులకూ జన్యువులకూ సంబంధం కనిపించింది. రెండేళ్ల తర్వాత కొన్ని వాసనలతో మళ్లీ అడిగినా కనిపించింది. ‘నీ జోడీ ఒంటి మీద ఉంటే ఇష్టమా’ అని అడిగినప్పుడు మాత్రం దాదాపు కనిపించలేదు.

ఈ రెండింటినీ కలిపి ‘శరీరం తనకు తగిన సెంటును తానే ఎంచుకుంటుంది’ అని శీర్షిక పెట్టడం సులువు. నేను అంత దూరం వెళ్లను. పాల్గొన్నవాళ్లు ఐరోపా యువత, ప్రాగ్ ప్రయోగాల్లో సంఖ్య తక్కువ, రాసుకున్న చోటు చంక. చంకలో వాసనకు కావలసిన ముడిసరుకు పుష్కలంగా ఉంటుంది, మణికట్టులో ఉండదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఇష్టమైన సెంటు అంటే అప్పటికే కొన్నాళ్లు వాడి, ‘ఇది నీకు బాగుంది’ అని నలుగురూ అన్నాక మిగిలినది కూడా కావచ్చు. అప్పుడు ఎంచింది జన్యువులా, స్నేహితులా? ఈ ప్రయోగాలు ఆ రెండింటినీ విడదీయవు. ఎలా చూసినా, పుట్టినరోజుకి ఇంకొకరు కొనిచ్చిన సెంటు కన్నా, మనం వాడి చూసి ఉంచుకున్న సెంటు మన మీద బాగుండే అవకాశం ఎక్కువని మాత్రం అనవచ్చు.

తిండి ప్రభావం గురించి ఇంకా కొద్దిపాటి ఆధారమే ఉంది. ప్రాగ్‌లోని హావ్లీచెక్ బృందమే 2006లో 17 మంది మగవాళ్లకు రెండు వారాలు మాంసం పెట్టి, వేరే రెండు వారాలు మాంసం లేకుండా పెట్టి చూస్తే, మాంసం లేనప్పటి ఒంటి వాసనకు మంచి మార్కులు వచ్చాయి. శాకాహారులు గర్వపడే లోపు 2016లో వెల్లుల్లి మీద ఫలితం వచ్చింది: తగినంత వెల్లుల్లి తిన్నవాళ్ల చంక వాసన తిననివాళ్ల కన్నా ఇంపుగా ఉందట. నోటి సంగతి వేరు. మన వంటింటికి ఇంకా దగ్గరిది మెంతులు. వాటిలోని సోటొలోన్ ఒంట్లోకి వెళ్లి చెమటలోనూ మూత్రంలోనూ తీపి పాకం లాంటి వాసనగా బయటికి వస్తుంది. బాలింతలకు మెంతులు పెట్టే ఇళ్లలో ఇది ఎరుకే. అలాంటి తీపి వాసన మీద వెనిలా, కారమెల్ సెంటు కొడితే మొహం మొత్తే అవకాశం ఉందన్నది నా ఊహ, పరీక్షించినది కాదు.

వయసుతో 2-నోనెనాల్ అనే పదార్థం చర్మం మీద పెరుగుతుందని 2001లో జపాన్ పరిశోధకులు చెప్పాక ‘ముసలి వాసన’ పేరుతో సబ్బుల వ్యాపారం సాగింది. అయితే అమెరికాలోని మోనెల్ కేంద్రం 2012లో, వయసు తెలియకుండా వాసన చూపించినప్పుడు, పెద్దవాళ్ల ఒంటి వాసనను జనం యువకులదానికన్నా తక్కువ ఘాటుగా, తక్కువ చిరాకుగా లెక్కగట్టారని తేల్చింది.

ఎవరి ముక్కు?

ఈ చర్చలో అందరూ చర్మాన్ని చూస్తారు, ముక్కును మరిచిపోతారు. వాసన గ్రాహకాల జన్యువులు మనిషి మనిషికీ చాలా మారతాయి. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి మూత్రం కంపు, కొందరికి తీపి, కొందరికి అసలు వాసనే లేదు; ఓఆర్7డీ4 అనే ఒక్క గ్రాహకంలోని తేడా దీనికి చాలావరకు కారణమని 2007లో తేలింది. సెంట్ల తయారీలో విరివిగా వాడే బీటా అయోనోన్ విషయంలోనూ 2013లో ఇలాంటిదే కనుగొన్నారు. సంపెంగ పూలలో, గోరింట పూలలో ఉండే వాసనల్లో ఇదీ ఒకటి. ఒకే సంపెంగను పక్కపక్కన నిలబడి వాసన చూస్తున్న ఇద్దరికి అది రెండు రకాలుగా అందుతుందన్న మాట. కృత్రిమ కస్తూరి రకాల్లో కొన్నింటిని పసిగట్టలేని ముక్కులూ ఉన్నాయి.

2006లో వచ్చిన మాలిక్యూల్ 01 అనే సెంటులో ఐసో ఈ సూపర్ అనే ఒకే ఒక్క సుగంధ పదార్థం ఉంటుంది. అది ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోలా ఉంటుందని పేరు. ‘రాసుకున్న నాకు తెలియదు, ఎదుటివాళ్లకు తెలుస్తుంది’ అంటారు. దీన్ని ఒంటి రసాయనంతో వివరించే ముందు ముక్కు అలవాటు పడిపోవడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ‘నా ఒంటి మీద ఏ సెంటూ నిలవదు’ అని పొద్దున్నా మధ్యాహ్నమూ మళ్లీ మళ్లీ కొట్టుకునే మనిషి పక్కన లిఫ్టులో నిలబడ్డవాళ్లకు అసలు సంగతి తెలుసు.

అందుకే సెంటు పడిందో లేదో తేల్చుకోవాలంటే రెండో ముక్కు కావాలి. వాసన లేని సబ్బుతో స్నానం చేసి, ఒక ముంజేతికి ఒకటి, రెండో ముంజేతికి ఒకటి, సమానంగా రాయాలి. ఏది ఏదో రాసుకున్నవాళ్లకు తెలియకుండా ఇంకొకరు రాస్తే మరీ మంచిది. పావుగంటకు, రెండు గంటలకు, ఆరు గంటలకు చూడాలి. సంగతి తెలియని మనిషి చేత కూడా చూపించాలి. వేరే రోజు చేతులు మార్చి మళ్లీ చేయాలి. అక్కాచెల్లెళ్ల మధ్య నిజంగా తేడా ఉందా అన్నదీ ఇలాగే తేలుతుంది: ఇద్దరికీ ఒకే సెంటు, ఒకే చోట, అన్నే చుక్కలు, కళ్లు మూసుకున్న మూడో మనిషి. చాలా ఇళ్లలో ఒకరు రెండు చుక్కలు, ఒకరు అయిదు చుక్కలు రాసుకుని తేడాను చర్మం మీదికి నెడుతుంటారు.

చర్మం రకం అన్నిటికన్నా గట్టిగా లెక్కకొచ్చేది నేను చూసినంతలో ఒక్కచోటే, అది పరిమళం ప్రశ్న కాదు. పగిలిన, గజ్జి పట్టిన, ఎగ్జిమా ఉన్న చర్మం నుంచి పదార్థాలు సులువుగా లోపలికి దిగుతాయి. ఐరోపాలోని అయిదు దేశాల సాధారణ జనాభాలో, జాగ్రత్తగా లెక్కగట్టినా 1.9 శాతం మందికి సుగంధ ద్రవ్యాల ఎలర్జీ ఉందని తేలింది. ఐరోపా సంఘం ఒకప్పుడు 26 పదార్థాల పేర్లు లేబుల్ మీద తప్పనిసరి చేసింది, 2023లో ఆ జాబితాను 80 దాటించింది. లావెండర్‌లోనూ ఎన్నో పూలలోనూ ఉండే లినలూల్, నిమ్మజాతి నూనెల్లోని లిమోనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ ఎలర్జీ కలిగించే రూపంలోకి మారతాయి. అందుచేత మూత సరిగా పడని, ఎండ తగిలే కిటికీలో ఏళ్లుగా ఉన్న సీసా కొత్త సీసాతో సమానం కాదు. శుద్ధి చేయని బెర్గమాట్ నూనె ఉన్న సెంటు మెడకు రాసుకుని ఎండలోకి వెళితే నల్లటి చారలు పడతాయని వందేళ్లుగా వైద్యులకు తెలుసు. కొత్త సెంటును మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, ఒకే చోట, వారం పది రోజులు రాసి చూడవచ్చు. ఎర్రబడినా దురద పెట్టినా అక్కడితో ఆపేసి, సీసా మీది పదార్థాల జాబితాతో సహా చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.